తేగ పీచు అడ్డుపడిన పేగు: క్రోన్స్ వ్యాధిలో వచ్చిన స్ట్రిక్చర్‌కు ఒక బాలుడిలో చేసిన చికిత్స

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు రాత్రి, కోనసీమ నుంచి పన్నెండేళ్ళ రెండు నెలల బాలుణ్ణి మా పిల్లల జీర్ణకోశ విభాగానికి తీసుకువచ్చారు. పొట్ట ఉబ్బి బిగిసిపోయింది. ముందు రోజు నుంచి పసరు వాంతులు అవుతున్నాయి, ముప్పై గంటలుగా గాలి కూడా కిందికి పోలేదు. పలచటి పొట్ట చర్మం కింద పేగు చుట్ట ఒకటి లేచి, కుడివైపు కిందిభాగం దాకా పాకి, అక్కడ ఆగి, మళ్ళీ సడలిపోవడం మంచం పక్కన నిలబడినవారికి కంటికే తెలుస్తోంది. పండుగనాడు తాతగారింట్లో కాల్చిన తేగలు రెండు తిన్నాడని తల్లి చెప్పింది. తేగ పీచు ఎంత నమిలినా పూర్తిగా నలగదు. మామూలు పేగు దాన్ని అవలీలగా దాటిస్తుంది, పెన్సిలంత సన్నబడిన పేగు దాటించలేదు.

ఈ కేసును వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. క్రోన్స్ అంటే పేగు గోడలో వాపు, పుండ్లు ఏళ్ళ తరబడి ఉండే వ్యాధి. అందులో పేగు ఇరుకైనప్పుడు, అంటే స్ట్రిక్చర్ వచ్చినప్పుడు, మా చేతిలో ఉన్న మూడు దారులూ, అంటే మందు, బెలూన్, కత్తి, ఈ ఒక్క బిడ్డకే వరుసగా వాడవలసి వచ్చింది. ఆ వరుసలో ఒక నిర్ణయం నాది తప్పు. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

అంతకుముందు రెండున్నరేళ్ళు

తొమ్మిదిన్నరేళ్ళ వయసులో అన్నం తిన్న గంటకు బొడ్డు చుట్టూ నొప్పితో మొదలైంది. తరువాత సాయంత్రం పూట జ్వరం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం వచ్చాయి. ఒక ఆసుపత్రిలో స్కానింగ్ చేసి, చిన్నపేగు చివరిభాగం గోడ మందంగా ఉందనీ, పక్కన గ్రంథులు ఉబ్బాయనీ చూసి, పేగు క్షయగా భావించి నాలుగు మందుల క్షయ చికిత్స ప్రారంభించారు. దీన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. మన దేశంలో ఆ స్కానింగ్ చిత్రానికి మొదట గుర్తుకు వచ్చేది క్షయే, ఆ రోజు ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో. తప్పు జరిగింది ఆ తరువాత. మొదటి రెండు నెలల్లో జ్వరం తగ్గి, రెండు కిలోలు పెరగడంతో అందరూ కుదుటపడ్డారు, పేగు లోపలి పుండ్లు మానాయో లేదో మళ్ళీ కొలనోస్కోపీతో చూడలేదు. కడుపు క్షయకు మామూలుగా సరిపోయే ఆరు నెలలను తొమ్మిది నెలలకు పొడిగించారు. ఆపిన నాలుగు నెలలకు నొప్పి తిరిగి వస్తే, అవే మందులు మరో మూడు నెలలు వాడారు.

క్షయ మందులు వేసినప్పుడు క్రోన్స్ రోగులలో కూడా కొంతమందికి తాత్కాలికంగా ఒంట్లో తేలిగ్గా అనిపిస్తుంది. అసలు తేడా పుండు మానడంలో తెలుస్తుంది: క్షయ అయితే రెండు నెలల నాటికే పుండ్లు మానుముఖం పడతాయి, క్రోన్స్ అయితే అక్కడే ఉంటాయి. ఇలా పరీక్ష కోసం క్షయ మందులు వాడిన క్రోన్స్ రోగులలో స్ట్రిక్చర్లు ఎక్కువగా ఏర్పడుతున్నాయని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2020లో ప్రచురించారు. మందులు పేగును పాడుచేశాయని దీని అర్థం కాదు. అసలు వ్యాధికి వైద్యం లేకుండా గడిచిన నెలలే ఆ పని చేస్తాయి.

చేర్చుకున్నప్పుడు బాలుడి బరువు 21.5 కిలోలు, ఎత్తు 129 సెంటీమీటర్లు. ఆ వయసు పిల్లల ఎదుగుదల పట్టికలో అట్టడుగు గీతకు కూడా దిగువన ఉన్నాడు. ఎత్తు ఎప్పుడు ఆగిందని అడిగితే తల్లి అంకెలు చెప్పలేదు. “రెండేళ్ళ కిందట కుట్టించిన యూనిఫారమేనండి, ప్యాంటు మడత ఇంకా విప్పలేదు,” అంది. మా పట్టికల కన్నా ఆ మాటే స్పష్టంగా ఉంది. యౌవన లక్షణాలు ఇంకా మొదలుకాలేదు. ఎడమ మణికట్టు ఎక్స్‌రేలో ఎముకల వయసు తొమ్మిదిన్నరేళ్ళు. వేళ్ళ గోళ్ళు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి, పెదవి లోపల రెండు పుండ్లు ఉన్నాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి చూస్తే మలద్వారం అంచున నీలంగా, ఉబ్బిన తోలులాంటి చర్మపు తొడిమలు రెండు కనిపించాయి. రెండున్నరేళ్ళలో ఆరుగురు వైద్యులు పొట్ట నొక్కి చూశారు, అక్కడ చూసినట్టు ఏ కాగితంలోనూ రాసి లేదు. పిల్లవాడు సిగ్గుపడతాడని మనమూ తప్పించుకునే పరీక్ష ఇది.

నిర్ధారణ

ముక్కు ద్వారా కడుపులోకి రైల్స్ ట్యూబ్ అనే గొట్టం వేసి, సెలైన్ పెట్టి, నోటి ఆహారం ఆపగా మూడో రోజుకు అడ్డంకి సడలింది. నాలుగో రోజు విరేచనంలో పీచు ఉండ ఒకటి వచ్చిందని నర్సు చూపించింది. రక్తపరీక్షలలో హీమోగ్లోబిన్ 8.4, పోషణను సూచించే ఆల్బుమిన్ 2.6, ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ 48, విటమిన్ డి 11 వచ్చాయి. మలంలో, పేగు వాపును సూచించే కాల్‌ప్రొటెక్టిన్ 1180. చాలాకాలం సరిగా తినని బిడ్డకు ఒక్కసారిగా పూర్తి ఆహారం ఇస్తే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయే ప్రమాదం ఉంది కనుక, ద్రవాహారాన్ని వారం రోజుల పాటు మెల్లగా పెంచాం.

ఎమ్మార్ ఎంటరోగ్రఫీ, అంటే పేగులు విచ్చుకునే ద్రావణం తాగించి తీసే ఎమ్మారై, రెండు ఇరుకులను చూపించింది. మొదటిది చిన్నపేగు చివర, పెద్దపేగు కవాటాన్ని ఆనుకుని 6 సెంటీమీటర్ల పొడవున ఉంది. గోడ మందం 8 మిల్లీమీటర్లు, దాని వెనుక పేగు 3.4 సెంటీమీటర్లకు సాగిపోయింది. రెండోది దానికి 25 సెంటీమీటర్ల పైన, ఒకటిన్నర సెంటీమీటరు పొడవున్న చిన్న ఉంగరంలాంటి ఇరుకు. చీముగడ్డ గానీ, పేగుల మధ్య దొంగదారి గానీ లేవు. కొలనోస్కోపీలో పెద్దపేగు కుడిభాగంలో, మధ్యమధ్య మామూలు పొరను వదిలి, చిన్నచిన్న పుండ్లు కనిపించాయి. కవాటం పుండుపడి ముడుచుకుపోయింది, స్కోపు దాటలేదు. పరీక్షకు తీసిన పేగు ముక్కలలో చిన్న గ్రాన్యులోమాలు, అంటే కణాల ముద్దలు, ఉన్నాయి, క్షయలోలా వాటి మధ్య కుళ్ళు లేదు; క్షయ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష నెగెటివ్, నలభై రెండు రోజులు ఉంచిన కల్చర్‌లో కూడా క్షయ క్రిమి పెరగలేదు. క్షయ కోసం చర్మం మీద చేసే మాంటూ పరీక్ష, ఛాతీ సీటీ మామూలుగా ఉన్నాయి. పిల్లల క్రోన్స్‌కు వాడే పారిస్ వర్గీకరణ ప్రకారం ఇది ఎ1బి, ఎల్3, బి2, జి1: పది నుంచి పదిహేడేళ్ళ లోపు నిర్ధారణ అయిన, చిన్నపేగు చివరనూ పెద్దపేగునూ పట్టిన, పేగును ఇరుకు చేసిన, ఎదుగుదలను ఆపిన వ్యాధి. చివరి అక్షరం పెద్దల వర్గీకరణలో లేదు. ఈ కేసులో నిర్ణయాలన్నీ చివరికి ఆ అక్షరం చుట్టూనే తిరిగాయి.

వాపెంత, మచ్చెంత

స్ట్రిక్చర్ అనగానే గట్టిపడిన గొట్టాన్ని ఊహించుకుంటాం. నిజానికి అందులో రెండు పాళ్ళు కలిసి ఉంటాయి. ఒకటి వాపు: నీరు చేరి, కణాలు ముసిరి, గోడ ఉబ్బడం, ఇది మందుకు తగ్గుతుంది. రెండోది మచ్చ: కొలాజెన్ పేరుకుని, కండర పొర మందమై, గోడ బిరుసెక్కడం, దీన్ని కరిగించే మందు ఇప్పటివరకు లేదు. ఈ రెండూ ఎంతెంత ఉన్నాయో ఎమ్మారై కచ్చితంగా చెప్పలేదు, కోసి తీసిన పేగును సూక్ష్మదర్శిని కింద చూస్తే దాదాపు ఎప్పుడూ రెండూ కనిపిస్తాయి. కనుక ఆచరణలో మందు ఇచ్చి చూడటమే పరీక్ష అవుతుంది: తగ్గినంత మేర వాపు, మిగిలినది మచ్చ.

ఈ పరీక్షకు ఎవరిని ఎంచుకోవాలో చెప్పే ఆధారాలు ఎక్కువగా పెద్దల నుంచి వచ్చినవే. ఫ్రాన్స్‌లో 97 మందిపై జరిగి 2018లో ప్రచురితమైన క్రియోల్ అధ్యయనంలో, చిన్నపేగు స్ట్రిక్చర్‌తో బాధపడుతూ అడాలిముమాబ్ (వాపును రగిల్చే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందు) తీసుకున్నవారిలో 64 శాతం మందికి 24 వారాల నాటికి అది పనిచేసింది. పిల్లల విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఉత్తర అమెరికాలో 913 మంది పిల్లలను మూడేళ్ళు గమనించిన రిస్క్ అధ్యయనం. తొలి మూడు నెలల్లోనే టీఎన్ఎఫ్ నిరోధక మందు పొందిన పిల్లలలో పేగు చిల్లులు పడి దొంగదారులు ఏర్పడటం తగ్గింది గానీ, స్ట్రిక్చర్లు తగ్గలేదు. మచ్చ దారి వేరు అన్న సంగతి అక్కడే తేలింది.

మా బాలుడి సీఆర్‌పీ, కాల్‌ప్రొటెక్టిన్ రెండూ బాగా ఎక్కువగా ఉన్నాయి, ఎమ్మారైలో గోడలో నీరు స్పష్టంగా ఉంది, చీముగడ్డ లేదు. అందువల్ల మందుకు అవకాశం ఇవ్వడం సబబే అనుకున్నాం. స్టీరాయిడ్లు వద్దనుకున్నాం, అవి వాపును కొన్ని వారాలు అణుస్తాయి గానీ, ఇప్పటికే నిలిచిపోయిన ఎత్తును మరింత నొక్కేస్తాయి. కల్చర్ ఫలితం వచ్చాక, మార్చి మొదట్లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే టీఎన్ఎఫ్ నిరోధక మందు ప్రారంభించాం. కిలోకు 5 మిల్లీగ్రాములు మామూలు మోతాదు. అయితే ముప్పై కిలోల లోపు పిల్లలలో అది రక్తంలో త్వరగా తగ్గిపోతుంది. ఒక్కో వయల్‌లో 100 మిల్లీగ్రాములు ఉంటాయి. ఒక వయల్, రెండోదానిలో కొంచెం వాడి మిగతాది పారబోసే బదులు రెండూ పూర్తిగా, 200 మిల్లీగ్రాములు ఇచ్చాం. డబ్బు లెక్క, మందు లెక్క రెండూ అక్కడ ఒకే చోట కలిశాయి.

ఆరో వారానికి సీఆర్‌పీ 9కి, కాల్‌ప్రొటెక్టిన్ 310కి దిగాయి. బరువు పెరిగింది, బాలుడు వార్డులో క్యారమ్స్ ఆడాడు. పద్నాలుగో వారంలో రక్తంలో మందు మట్టం కూడా తృప్తికరంగా ఉంది. కాని మెత్తటి అన్నం దాటి ఏమి తిన్నా నొప్పి వస్తూనే ఉంది. మళ్ళీ తీసిన ఎమ్మార్ చిత్రంలో గోడలోని నీరు పోయింది, ఇరుకు 4 సెంటీమీటర్లకు తగ్గింది, కాని దాని వెనుక పేగు 3.6 సెంటీమీటర్లకు సాగి ఉంది. వాపు పాలు తీరిపోయింది, మచ్చ పాలు మిగిలింది. మందు పనిచేయలేదని కుటుంబం నిరాశపడితే, పనిచేసినందువల్లే ఈ సంగతి తెలిసిందని వారికి వివరించాను.

నా తప్పు

నాలుగు సెంటీమీటర్ల ఇరుకు, చీముగడ్డ లేదు, కొలనోస్కోపుకు అందే చోటే ఉంది. ఐదు సెంటీమీటర్ల లోపు, వంపు లేని, దొంగదారి లేని స్ట్రిక్చర్‌ను బెలూన్‌తో వెడల్పు చేయవచ్చని పుస్తకాలు చెబుతాయి. బిడ్డకు కోత తప్పుతుందన్న ఆశ తల్లిదండ్రులకు ఎంత ఉందో నాకూ అంతే ఉంది. జూన్ రెండో వారంలో మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, బెలూన్‌ను 10, 11, 12 మిల్లీమీటర్ల దాకా ఒక్కో నిమిషం చొప్పున ఉబ్బించాం. బెలూన్ నడుమున ఉన్న నొక్కు తెర మీద మెల్లగా విచ్చుకుంది. పేగు చిల్లు పడటం ఈ ప్రక్రియకు ఉన్న పెద్ద భయం; అది జరగలేదు. బాలుడు రెండు వారాలు హాయిగా తిన్నాడు.

జూలై మొదట్లో మళ్ళీ వాంతులతో వచ్చాడు.

ఇరవై ఐదు సెంటీమీటర్ల పైన ఉన్న రెండో ఇరుకును నేను చిన్నదని పక్కన పెట్టాను. అది కొలనోస్కోపుకు అందదు. అందేదాన్ని వెడల్పు చేసి అందనిదాన్ని వదిలేస్తే, వాకిలి తలుపు తీసి వీధి గేటు మూసినట్టే. నోటి వైపు నుంచి వెళ్ళే బెలూన్ ఎంటరోస్కోపీతో దాన్ని చేరే ప్రయత్నం చేయవచ్చు, కాని ఇంత తక్కువ బరువున్న బాలుడిలో, రెండు చోట్ల మచ్చ ఉన్న పేగులో, ఆ ప్రయత్నాన్ని నేను సమర్థించలేను. ఎమ్మార్ చిత్రం జూన్‌లోనే నా బల్ల మీద ఉంది. ఆ రోజే శస్త్రచికిత్సకు పంపి ఉంటే రెండు నెలలు మిగిలేవి. పెద్దవారికి రెండు నెలలు రెండు నెలలే. ఎముకల చివరలు మూసుకునే దిశగా నడుస్తున్న బిడ్డకు ఆ లెక్క వేరు. అప్పటి నుంచి మా విభాగంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం: పిల్లల స్ట్రిక్చర్‌కు మందు మొదలుపెట్టే రోజునే, ఎన్నో వారంలో ఆపి చూస్తామో, అప్పటికి ఏమి కనిపించకపోతే శస్త్రవైద్యుడికి అప్పగిస్తామో కేస్ షీటులో రాసి, తల్లిదండ్రుల చేత చదివిస్తాం.

శస్త్రచికిత్స

ఆపరేషన్‌కు ముందు ఆరు వారాలు ఘనాహారం పూర్తిగా ఆపి, డబ్బాలో వచ్చే పోషక పొడిని నీళ్ళలో కలిపిన ద్రవాహారమే ఇచ్చాం. పిల్లల క్రోన్స్‌లో ఈ ద్రవాహారం స్వతహాగా ఒక చికిత్స. ఇక్కడ దాని పని ఆల్బుమిన్‌ను పెంచడం, పేగును ఖాళీగా ఉంచడం. చెప్పినంత తేలిక కాదు. పగలు చల్లబరిచి స్ట్రాతో తాగేవాడు, రాత్రి ముక్కు గొట్టం ద్వారా వెళ్ళేది. ఆవకాయ వాసన వస్తే ఏడుస్తున్నాడని ఇంటిల్లిపాదీ పెరటి వసారాలో కూర్చుని తినేవారట. ఆల్బుమిన్ 3.7కు, బరువు 27 కిలోలకు వచ్చాక, సెప్టెంబరు మొదటి వారంలో శస్త్రచికిత్స జరిగింది. చివరి ఇన్‌ఫ్లిక్సిమాబ్ మోతాదుకు, కోతకు మధ్య ఐదు వారాలకు పైగా వ్యవధి ఉంది.

లాప్రోస్కోపీ సహాయంతో, బొడ్డు దగ్గర చిన్న కోత ద్వారా పేగును బయటికి తీశారు. చివరి ఇరుకు చుట్టూ కొవ్వు పాకి పేగును కప్పేసింది, ఇది క్రోన్స్ గుర్తు. ఆ భాగాన్ని కవాటంతో సహా, 14 సెంటీమీటర్ల చిన్నపేగును తొలగించారు. అంచుల దగ్గర కంటికి బాగున్న పేగు రెండు సెంటీమీటర్లు చాలు, పన్నెండు సెంటీమీటర్లు తీసినా వ్యాధి తిరిగి రావడం తగ్గదని 1996లోనే తేలింది. పిల్లల పేగులో ప్రతి సెంటీమీటరూ దాచుకోవలసినదే.

ఎమ్మారై చూపని ఇరుకులు పైన ఇంకా ఉన్నాయేమో చూడటానికి, మా శస్త్రవైద్యుడు ఒక ఫోలీ క్యాథెటర్‌ను పేగులోకి పంపి, దాని బుడగను రెండు సెంటీమీటర్ల వెడల్పుకు ఉబ్బించి, పై నుంచి మెల్లగా వెనక్కి లాగారు. మేము అనుకున్న చోటే, ఒక్క చోటే బుడగ ఆగింది. అక్కడ పేగును నిలువుగా తెరవగానే, ఇరుకు పైభాగంలో మూడు నేరేడు గింజలు కనిపించాయి. బెలూన్ వేసిన తరువాత హాయిగా తిన్న ఆ రెండు వారాల్లో, జూన్ చివర, తోటలో తిన్నవి. రెండు నెలలుగా అక్కడే ఉన్నాయి. నేను చిన్నదని వదిలేసిన ఇరుకు అది.

దాన్ని కోసి తీసేయలేదు. నిలువుగా చీరి, అడ్డంగా కుట్టారు. పొడవు కొంచెం తగ్గి వెడల్పు పెరుగుతుంది, పేగు ఏమీ పోదు. పది సెంటీమీటర్ల లోపు ఇరుకుకు వాడే ఈ హైనకె–మికులిచ్ పద్ధతి, నిజానికి జీర్ణాశయపు చివరి ద్వారాన్ని వెడల్పు చేయడానికి పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టింది. దీన్ని పేగు స్ట్రిక్చర్లకు తెచ్చినది మనవాళ్ళే: క్షయ వల్ల ఇరుకైన పేగులకు ఇలా చేయవచ్చని 1977లో కతారియా, ఆయన సహచరులు ప్రచురించారు. అది చూసి 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇమాన్యుయెల్ లీ క్రోన్స్ రోగులకు వాడారు. క్షయ అనుకుని కాలం పోగొట్టుకున్న ఈ బాలుడికి, క్షయ రోగుల మీద నేర్చుకున్న కుట్టే పేగును మిగిల్చింది.

తీసిన భాగంలో గోడ అన్ని పొరలకూ పాకిన పాత శోథ, దట్టమైన మచ్చ, కుళ్ళు లేని గ్రాన్యులోమాలు కనిపించాయి. క్షయ కోసం కణజాలం మీద చేసిన పరీక్షలన్నీ మళ్ళీ నెగెటివ్.

తరువాత

శస్త్రచికిత్స ఇరుకును తీస్తుంది, వ్యాధిని తీయదు. కుట్టిన చోటనే, చిన్నపేగు వైపున, మళ్ళీ మొదలుకావడం దీని స్వభావం. అందుకని నాలుగు వారాలకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ తిరిగి ప్రారంభించాం. ఆరో నెలలో కొలనోస్కోపీతో కుట్టు పైభాగం చూశాం. ఐదుకు మించని చిన్న పుండ్లు, ఆపరేషన్ తరువాత వ్యాధి ఎంత తిరిగి వచ్చిందో కొలిచే రట్‌గర్ట్స్ కొలమానంలో ఐ1. అక్కడ ఐ2, అంతకు మించి ఉంటే మందు పెంచేవాళ్ళం. చిన్నపేగు చివరిభాగం పోయినందువల్ల కొన్ని వారాలు పలచటి విరేచనాలు అయ్యాయి, పైత్యరసాన్ని పట్టుకునే కొలెస్టిరమిన్ పొడితో తగ్గాయి. బి12 ఇంజెక్షన్ కొనసాగుతోంది.

ఎనిమిది వారాలకొకసారి కోనసీమ నుంచి హైదరాబాదుకు వచ్చి రెండు గంటల సెలైన్ ఎక్కించుకోవడం తండ్రి పనికీ, పిల్లవాడి చదువుకూ ఇబ్బందిగా ఉండటంతో, ఏడాది దాటాక ఇంట్లోనే చర్మం కింద ఇచ్చే అడాలిముమాబ్‌కు మార్చాం. తల్లి ఇంజెక్షన్ వేయడం రెండు సార్లు చూసి నేర్చుకుంది. మందును ఫ్రిజ్‌లో కూరగాయల అరలో, ఒక స్టీలు డబ్బాలో ఉంచుతోంది. కరెంటు ఎక్కువసేపు పోతే ఆ డబ్బాను ఐస్ నింపిన పెట్టెలోకి మార్చడం, మందు గడ్డకట్టకుండా మధ్యలో తువ్వాలు చుట్టడం ఆమె సొంత ఏర్పాటు.

శస్త్రచికిత్స నాటికి 130 సెంటీమీటర్లున్న ఎత్తు, పద్దెనిమిది నెలల తరువాత 143 అయింది. బరువు 37 కిలోలు. యౌవన లక్షణాలు మొదలయ్యాయి. ఎముకల వయసు ఇంకా అసలు వయసు కన్నా వెనుకే ఉంది, పెరగడానికి ఇంకా కొంత సమయం ఉందన్నమాట. తేగలు, మునక్కాడలు, మొక్కజొన్న, పనస విషయంలో ఇంకా జాగ్రత్తగానే ఉండమన్నాను; గింజలున్న పళ్ళు గింజ తీసే తినాలి. కిందటి నెల కాల్‌ప్రొటెక్టిన్ 90 నుంచి 240కి పెరిగింది. నొప్పి లేదు, బరువు తగ్గలేదు. అయినా వచ్చే నెలలో కొలనోస్కోపీ, ఎమ్మార్ ఎంటరోగ్రఫీ రెండూ పెట్టుకున్నాం. తేదీ ఈసారి ముందే కేస్ షీటులో రాసి ఉంది.